అరచెయ్యి అడగని టెస్టర్

నన్ను వంటింటి మేస్త్రీ అన్నారు. అన్నవాళ్ళలో కొందరు నా దగ్గర పని నేర్చుకున్నవాళ్ళు. మిగిలినవాళ్ళు నాజిళ్ళు నాతోనే బాగు చేయించుకుని వీధి మలుపు తిరిగాక అన్నారు. అననీ. డీజిలు బండి నాజిల్‌ను ఇంట్లో బల్ల మీద పెట్టి పరీక్షించవచ్చునా అంటే, పరీక్షించవచ్చు. నేను జీవితమంతా అదే చేశాను. పది వేళ్ళతో ఈ పనిలోకి వచ్చాను, పది వేళ్ళతోనే బయటికి వచ్చాను. మా కాలపు నాజిల్ మేస్త్రీలను వరుసగా నిలబెట్టి వేళ్ళు లెక్కపెట్టండి. ఆ తరువాత నన్ను ఎగతాళి చేయండి.

ఇది కొత్తగా ఈ పనిలోకి వచ్చేవాళ్ళ కోసం రాస్తున్నాను. ఇప్పుడు కార్లకు కూడా ఇంజెక్టర్లు వచ్చాయంట. యాభైలలో కార్లకు కార్బురేటరే. ఇంజెక్టరు ఉండేది లారీకి, బస్సుకు, ఆయిల్ మిల్లు ఇంజనుకు. దాన్ని మేము నాజిల్ అనేవాళ్ళం. పేరు మారినా లోపలి ఒత్తిడి మారలేదు, మనిషి తోలు కూడా మందమెక్కలేదు. కాబట్టి చదవండి.

నాజిల్ చేసే పని

చాకలి ఇస్త్రీ చేసేటప్పుడు నోట్లో నీళ్ళు పట్టి బట్ట మీద తుంపర కొట్టడం చూసి ఉంటారు. నాజిల్ చేసేది అదే పని. డీజిలును ఇంజనులోకి పొయ్యదు, తుంపరగా చల్లుతుంది. తుంపర సన్నగా, అన్ని పక్కలా సమానంగా పడితే బండి కొండ మీది ఘాటు రోడ్డును నవ్వుతూ ఎక్కుతుంది. ధారగా పడితే నల్లపొగ కక్కుతుంది, నెత్తిమీద సుత్తితో కొట్టినట్టు శబ్దం చేస్తుంది, చివరికి పిస్టన్‌ను కాలుస్తుంది.

నాజిల్ లోపల ఒక సూది ఉంటుంది. అది తన గూట్లో ఎంత బిగుతుగా కూర్చుంటుందంటే, మా సీమ దుమ్ము ఒక్క రేణువు దూరినా ఇరుక్కుంటుంది. మా సీమలో దుమ్ముకు కొదవ లేదు. అందుకే నాకు పనికి కొదవ రాలేదు.

బండి పొగ కక్కితే నాజిల్ విప్పి టెస్టర్‌కు బిగిస్తాం. టెస్టర్ అంటే ఏమీ లేదు: చిన్న డీజిలు తొట్టి, ఒక చేతి పంపు, ఒత్తిడి చూపే ముల్లు, పొడుగాటి పిడి. పిడి కిందికి కొడితే ఒత్తిడి పెరుగుతుంది. చాలినంత పెరగగానే సూది లేస్తుంది, నాజిల్ కిర్రుమని తుంపర కొడుతుంది. ఆ తుంపర ఎట్లుందో చూడటమే పరీక్ష. దేంతో చూడాల అన్న దగ్గరే మా పెద్దలు తప్పు చేశారు.

మస్తాన్ సాబ్ అరచెయ్యి

నేను శెట్టి కొడుకును. కర్నూలు పాత ఊళ్ళో మా నాయనకు బెల్లం, చింతపండు, పిప్పరమెంట్ల అంగడి. మాటలు రాకముందే నాకు బేరం వచ్చిందని మా అమ్మ చెప్పేది. పాలకు ఏడవడం కూడా మొదట గట్టిగా మొదలుపెట్టి, తరువాత కొంచెం తగ్గేవాణ్ణంట. అంగడిలో కూర్చోబెడితే వచ్చిన గిరాకీలతో బేరంలో గెలిచి, వాళ్ళు మళ్ళీ రాకుండా చేశాను. మా నాయన విసిగి కడపలో మా మామ దగ్గరికి తోలినాడు. మామది లారీ సామాన్ల అంగడి. ఎదురుగా లారీ షెడ్డు. అంగడి కంటే షెడ్డు నచ్చింది. గ్రీజు అంటిన చేతికి గిరాకీ ఎదురు చెప్పడని అనుకున్నాను. అదీ తప్పే.

షెడ్డులో నాజిల్ పని మస్తాన్ సాబ్‌ది. గోరింటాకు పెట్టిన గడ్డం, ఎప్పుడూ నవ్వే కండ్లు. రోడ్డు మీద లారీ పోతుంటే షెడ్డులో టీ తాగుతూ, "మూడో సిలిండర్ దగ్గుతాండాది" అనేవాడు. లారీ ఆపి చూస్తే మూడోదే. అంత పనివాణ్ణి మళ్ళీ చూడలేదు.

ఆయన పరీక్ష అరచేత్తో. నేను పిడి కొట్టేవాణ్ణి, ఆయన నాజిల్ ముందు అరచెయ్యి పట్టేవాడు. మంచు పడినట్టుంటే పాసు, ముల్లు గుచ్చినట్టుంటే ఫెయిలు. ఇది ఆయన ఒక్కడి పద్ధతి కాదు. కడప నుంచి కర్నూలు దాకా అందరిదీ అదే. లారీ యజమాని పక్కన నిలబడి మేస్త్రీ అరచేతిలో పడిన నూనె మచ్చను చూసి తల ఊపితేనే పని అయినట్టు. చెయ్యి పెట్టని మేస్త్రీ, సొంత మిఠాయి నోట పెట్టని మిఠాయివాడితో సమానం. ఎవరు నమ్ముతారు?

సాబ్‌కు ఒక జాగ్రత్త ఉండేది. చెయ్యి జానెడు దూరంలో పెట్టేవాడు, దగ్గరికి తెచ్చేవాడు కాదు. ఆ జానెడును తగ్గించింది నేను.

ఎండాకాలం, మధ్యాహ్నం. ఎర్రగుంట్ల నుంచి నాపరాళ్ళు తోలే లారీ యజమాని ఒకడు వచ్చి కూర్చున్నాడు. నాలుగు నాజిళ్ళు పాసయినాయి. ఆయనకు నమ్మకం కలగలేదు. కలగలేదని అంటే మజూరీ తగ్గుతుందని ఆశ. అట్లాంటివాణ్ణి చూస్తే నాకు ఒళ్ళు పులకరిస్తుంది.

"ఏందప్పా, అంత దూరం పెడితే మా ముసలమ్మ ఊదినా మంచు మాదిరే ఉంటాది" అన్నాడు యజమాని.

"ఇంకా దగ్గర పెట్టి చూపించు సాబ్" అన్నాను నేను. "అన్న కండ్లారా చూసుకోనీ. చూసినాక పైసా తగ్గేది లేదు."

"అరే, ఈ శెట్టి నోరు ఊరుకోదు కదా!" అని సాబ్ నవ్వి, చెయ్యి రెండు వేళ్ళ దూరానికి తెచ్చాడు.

ఐదో నాజిల్. నేను పిడిని రోజూ కొట్టేదానికంటే గట్టిగా కొట్టాను. యజమాని చూడాల కదా. ఆ నాజిల్‌కు రంధ్రాలు పూడిపోయి ఒకటే తెరుచుకుని ఉన్నట్టుంది. తుంపర రాలేదు. సన్నని దారం మాదిరి ధార ఒకటి వచ్చింది.

"చురుక్కుమనింది" అన్నాడు సాబ్. చూపుడు వేలి మొదట్లో ఆవగింజంత చుక్క. రక్తం లేదు. ఆయన చెయ్యి తుడుచుకుని మొదట చెప్పింది నాజిల్ సంగతి: "ముల్లు. ఇది ఫెయిలు, పక్కన పెట్టు." యజమానికి శానా సంతోషమైంది. మేస్త్రీ నిజాయితీపరుడని తేలింది. అడిగిన మజూరీ ఇచ్చి పోయినాడు. నేను కూడా సంతోషించాను.

చెయ్యకూడని బేరం

పొద్దు వాలేసరికి వేలు ఉబ్బి తెల్లగా అయింది. ముట్టుకుంటే చల్లగా ఉంది. సాబ్‌ను నేనే సర్కారు ఆస్పత్రికి పిలుచుకుపోయినాను. అక్కడ కొత్తగా వచ్చిన డాక్టరమ్మ ఉంది, చిన్న వయసు. వేలు నొక్కి చూసి, ఆ చుక్క దగ్గర ముక్కు పెట్టి వాసన చూసింది.

"ఇది డీజిలు వాసన. లోపలికి ఎట్ల పోయింది?"

చెప్పాము. ఆమె ముఖం మారింది.

"నేను ఇట్లాంటిది ముందు చూడలేదు. కానీ నూనె లోపల పాకుతుంది, ఉన్నచోట ఉండదు. వేలు నుంచి అరచేతికి, అరచేతి నుంచి పైకి. ఇప్పుడే కోసి, తెరిచి, కడగాల."

"కోసేదా?" సాబ్ భయపడ్డాడు. "చీమ కుట్టినంత కూడా లేదు కదమ్మా."

అప్పుడు నేను ముందుకు జరిగాను. ఎవరైనా ఒక మాట చెబితే దాన్ని సగానికి దించకపోతే నాకు తిన్నది అరగదు.

"అమ్మా, ఇంత చుక్కకు అంత కత్తెందుకు? సూదిమందు వేసి కట్టు కట్టండి. రేప్పొద్దున చూసి మీరు ఏమంటే అది చేద్దాం."

"రేప్పొద్దునకు ఆలస్యమైపోతుంది."

"పోనీ, చిన్న గాటు ఒకటి పెట్టి..."

"ఏమయ్యా, ఇది సంత అనుకుంటాండావా?"

"సంతలో అయితే ఇంకా తగ్గుతారమ్మా" అన్నాను.

కాంపౌండరు నవ్వినాడు. సాబ్ కూడా నవ్వినాడు, ఆ ఉబ్బిన చెయ్యి ఒళ్ళో పెట్టుకుని. డాక్టరమ్మ నవ్వలేదు. "చెయ్యి ఆయనది. కోసుకోమని ఆయన ఒప్పుకోవాల. ఏం సాబ్?" అని అడిగింది. సాబ్ నా ముఖం చూశాడు. నేను కండ్లతో వద్దన్నాను. ఆమె కట్టు కట్టింది. మేము బయటికి వచ్చాము. ఆస్పత్రి మెట్లు దిగుతూ సాబ్ నా భుజం తట్టి, "కత్తిని కూడా తగ్గించినావు కదరా శెట్టీ" అన్నాడు.

మరుసటి రోజు మధ్యాహ్నానికి వేలు నల్లబడింది, చెయ్యి మోచేతి దాకా ముట్టుకుంటే కాలింది. అదే డాక్టరమ్మ చూపుడు వేలు మొత్తం, నడిమి వేలు సగం తీసేసింది. ముందురోజు ఆమె అడిగింది ఒక గాటు మాత్రమే. నేను బేరమాడి రెండు వేళ్ళకు కుదిర్చినాను. నా జీవితంలో ఎన్నో బేరాలు గెలిచినాను, ఇట్లా గెలిచింది ఇదొక్కటే.

ఈ వాక్యం ఒక్కటి గుర్తుపెట్టుకుంటే మిగిలినదంతా మరిచిపోయినా ఫర్వాలేదు: నాజిల్ ధార తోలు లోపలికి పోతే చురుక్కుమనడం తప్ప నొప్పి ఉండదు, రక్తం రాదు, చుక్క చూస్తే నవ్వు వస్తుంది. ఆ క్షణమే పరుగెత్తి ఆస్పత్రికి పోండి. "డీజిలు ఒత్తిడితో లోపలికి పోయింది" అని మీరే చెప్పండి. కోయాలంటే కోయించుకోండి. డాక్టరుతో బేరమాడవద్దు.

సాబ్ నన్ను తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. కట్టు విప్పిన రోజు ఇంటికి పోతే, "చెయ్యి పెట్టింది నేను, పిడి కొట్టింది నువ్వు. అది పనిలో జరిగింది" అన్నాడు. మళ్ళీ, "ఆస్పత్రిలో జరిగింది మాత్రం పని కాదు బేటా" అన్నాడు. అంతే. తరువాత ఆయన ఆ షెడ్డుకు రాలేదు. రెండు వేళ్ళు లేని చేత్తో సూదిని పట్టుకునేది ఎట్లా?

షెడ్డు యజమాని సంగతి కూడా చెప్పాల. ఆయన ఊరంతా, "మస్తాన్ అజాగ్రత్తగా ఉన్నాడు" అని చెప్పుకుని తిరిగినాడు. ఇరవై ఏండ్లు ఆ చెయ్యి చూపించి సంపాదించినవాడు అన్న మాట అది. వారం తిరగకముందే ఇంకొకణ్ణి తెచ్చి అదే టెస్టర్ ముందు అదే విధంగా చెయ్యి పెట్టించి, నన్ను పిడి కొట్టమన్నాడు.

"నేను కొట్టను" అన్నాను.

"శెట్టివి, నీకు చేతులతో పనేముందిలే. నోరుంటే చాలు" అన్నాడు.

"ఆ నోటితోనే చెప్తాండా. చెయ్యి అడిగే టెస్టర్ పిడి నేను ఇంకెప్పుడూ పట్టను."

అదే రోజు కర్నూలు బస్సెక్కినాను.

బిళ్ళల సీసా

కర్నూలు రాజధానిగా ఉన్న రోజులవి. ఆఫీసులు గుడారాల్లో నడిచేవి. ఊరి నిండా జీపులు, బస్సులు, దుమ్ము. నాజిళ్ళకు అంతకంటే మంచి ఊరు లేదు. పాత ఇనుము అమ్మేవాడి దగ్గర తుప్పు పట్టిన టెస్టర్ ఒకటి దొరికింది. అది పనికిరాదని నేనన్నాను, బంగారమని వాడన్నాడు. ఇద్దరం అబద్ధమే చెప్పినాం. కొన్నాక దాన్ని విప్పి, కడిగి, వాషర్లు మార్చి, వెనక గదిలో గోడకు బిగించినాను. బల్ల చెక్కది కాదు, నాపరాయి. చెక్క డీజిలును తాగుతుంది, అంటుకుంటుంది. రాయి ఏదీ తాగదు.

మా ఇంటామె నాగమ్మ గడప దగ్గర నిలబడి అడిగింది: "ఇది ఇల్లా, షెడ్డా?"

"పని కొంచెమేలే."

"కొంచెం వాసన, కొంచెం మంట అని ఉంటాదా? పొయ్యి పక్క గదిలోనే ఉండాది."

ఈ విషయంలో నేను ఆమెతో బేరమాడలేదు. కడపలో పాఠం నేర్చుకునే వచ్చినాను. ఆమె చెప్పినదే చట్టం. పొద్దున వంట అయిపోయి, పొయ్యి ఆర్పి, నిప్పుల మీద నీళ్ళు చల్లినాకే టెస్టర్ ముట్టుకోవాల. మళ్ళీ పొయ్యి అంటించే ముందే మూసెయ్యాల. రెండు కిటికీలు, తలుపు తెరిచి ఉండాల. దీపం, బీడీ, అగరుబత్తి ఏదీ గడప దాటకూడదు. డీజిలు ధార మీద అగ్గిపుల్ల వేసినా ఆరిపోవచ్చు, కానీ డీజిలు పొగమంచు వేరు. అది గాలిలో నిలబడి నిప్పు కోసం కాచుకుని ఉంటుంది. ఒక డ్రైవరు చెవిలో బీడీ పెట్టుకుని లోపలికి వస్తే నాగమ్మ వాడి చెవిలోంచి దాన్ని తీసి వీధిలో పారేసింది. "నోట్లో లేదు కదమ్మా" అన్నాడు వాడు. "చెవి నుంచి నోటికి ఎంత దూరం?" అనింది.

తుంపరను చూడటానికి చెయ్యి కాకుండా ఇంకేముంది? నా బుర్రకు దొరికింది మా నాయన అంగడిలోని పిప్పరమెంటు బిళ్ళల సీసా. మందమైన గాజు, వెడల్పు మూతి, తగరపు మూత. మూతలో నాజిల్ పట్టేంత రంధ్రం ఒకటి, గాలి పోవడానికి సన్నది ఇంకొకటి చేశాను. అడుగున మందంగా గుడ్డ, దాని మీద అద్దుడు కాగితం. నాజిల్ కొస సీసా లోపల, మనుషులంతా బయట. పిడి కొడితే తుంపర మొత్తం గాజులో నుంచి కనపడుతుంది. కాగితం మీద మచ్చ సమానంగా, ముక్కలు ముక్కలు కాకుండా పడితే మంచిది. ఒక పక్క చుక్కలు పడితే రంధ్రం పూడింది. ఇంకొక పరీక్ష: సూది లేచే ఒత్తిడికి కొంచెం తక్కువ దాకా పెంచి, పిడి ఆపి, పది దాకా లెక్కపెట్టు. కొసకు చుక్క వేలాడితే సూది మూసుకోవడం లేదు. ఇవన్నీ చేతికి తెలియవు, సీసాకు తెలుస్తాయి.

నా సొంత తప్పులు కూడా చెప్పకపోతే అన్యాయం. మొదట్లోనే ఒకసారి, ఒత్తిడి దించకుండా పైపు నట్టు వదులు చేశాను. డీజిలు వచ్చి కంట్లో కొట్టింది. రెండు రోజులు ప్రపంచం పొగమంచులో కనపడింది. నాగమ్మ కంట్లో నీళ్ళు పోస్తూ తిట్టింది. అప్పటి నుంచి వెల్డింగు వాళ్ళ కండ్లద్దాలు, నల్లవి కాదు, తెల్లవి పెట్టుకున్నాను. ముల్లు సున్నాకు రాకుండా ఏ నట్టునూ ముట్టలేదు. ఇంకొకసారి రెండు నాజిళ్ళ సూదులు ఒకదానిది ఇంకొకదానికి వేశాను, రెండూ చెడినాయి. సూదికి, గూటికి కంపెనీవాళ్ళు పెళ్ళి చేసే పంపిస్తారు. మీరు మార్చొద్దు. మసి గీకడానికి ఉక్కు ముక్క వాడొద్దు, వెదురు పుల్ల చాలు.

వీధిలో నాకు పిప్పరమెంటు శెట్టి అని పేరు పడింది. "ఏం శెట్టీ, ఈ పొద్దు డీజిలు బిళ్ళలు ఎట్ల అమ్ముతాండావు?" అనేవాళ్ళు. "నాకితే చెప్తా" అనేవాణ్ణి.

రెడ్డిగారి పట్టు

ఎగతాళి నన్నేమీ చెయ్యలేదు. నమ్మకపోవడమే దెబ్బ తీసింది. గిరాకీ వచ్చి, సీసా చూసి, "చెయ్యి పెట్టి చూపించు" అనేవాడు. పెట్టనంటే నాజిళ్ళు మూట కట్టుకుని పక్క వీధికి పోయేవాడు. పక్క వీధిలో చెయ్యి పెట్టేవాళ్ళు ఉన్నారు.

అప్పుడు సుబ్బారెడ్డిగారు వచ్చారు. కర్నూలు, నంద్యాల, కడప దారిలో ఆయన బస్సులు తిరిగేవి. ఆయన బస్సుల నాజిళ్ళన్నీ నాకు వస్తే ఇంకెవరి గడపా తొక్కాల్సిన పని లేదు. వెంట ఆయన డ్రైవరు ఓబులేసు, భుజాన గోనెసంచి, సంచిలో ఆరు నాజిళ్ళు. ఓబులేసు బక్కపలచని మనిషి, మాట తక్కువ.

మొదటి నాజిల్ సీసాకు బిగించి పిడి కొట్టినాను. కాగితం తీసి చూపించినాను. రెడ్డిగారు కాగితం వైపు కూడా చూడలేదు.

"శెట్టీ, నేను ఇరవై ఏండ్లుగా బండ్లు నడుపుతాండా. నాకు కాగితం చూపిస్తావా? చెయ్యి పెట్టు."

"చెయ్యి పెట్టను రెడ్డిగారూ."

"భయమా?"

"అవును" అన్నాను. ఆయన ఆ జవాబు అనుకోలేదు.

"సరే, నీకు భయమైతే మా వాడు పెడతాడు. ఓబులేసూ, చెయ్యి పెట్టు."

ఓబులేసు సంచి కింద పెట్టి, సీసాలో నుంచి నాజిల్ పైకి తీసి, కుడిచెయ్యి దాని ముందు పట్టినాడు. ఎంత మామూలుగా పట్టినాడంటే, పుస్తకం చదువుకోమంటే పుస్తకం పట్టుకున్నట్టు. ఆ చేతికి స్టీరింగ్ వల్ల కాయలు కాచి ఉన్నాయి. నేను చూసింది ఆ కాయలను కాదు. చూపుడు వేలి మొదట్లో ఆవగింజంత చోటు.

టెస్టర్ పిడి పీకితే ఊడి వస్తుంది. నేను పీకినాను. పీకి, కింద పెట్టి, దాని మీద కూర్చున్నాను. ధైర్యవంతులు ఇంకేమైనా చేసేవారేమో. ఇనుప పిడి మీద కూర్చోవడం ఏమంత గొప్పగా ఉండదు, గుచ్చుకుంటుంది కూడా.

"ఇదేం వేషం?" అన్నారు రెడ్డిగారు.

"బేరం చెప్తా వినండి. ఈ ఆరు నాజిళ్ళు మీ బండికి బిగించి నేనే వెంట వస్తా. పొగ వస్తే మజూరీ వద్దు. నెల తిరక్కుండా చెడితే మళ్ళీ చేసిస్తా. ఇంకా తగ్గమంటే తగ్గుతా. చెయ్యి మాత్రం బేరంలో లేదు. నాది లేదు, వీనిది లేదు."

"వీని చెయ్యికి నువ్వెవడివి అడ్డం చెప్పేదానికి? వాడు నా మనిషి."

"మనిషి మీవాడే. టెస్టర్ నాది."

వంటింటి వైపు తలుపు దగ్గర నాగమ్మ నిలబడి ఉంది. ఆమె పిడి ఇచ్చెయ్యమంటుందనుకున్నాను. నాకు ఇంట్లో బియ్యం సంగతి తెలుసు, ఆమెకు ఇంకా బాగా తెలుసు. ఆమె ఓబులేసుతో, "చెయ్యి తియ్యప్పా, ఆయన పిడి ఇయ్యడులే" అనింది.

రెడ్డిగారు ఆరు నాజిళ్ళూ సంచిలో వేయించుకుని వెళ్ళిపోయారు. పోతూ వీధిలో నిలబడి అందరికీ వినపడేటట్టు, "పిరికి శెట్టి, సొంత సరుకు ముందు చెయ్యి పెట్టలేడు" అన్నారు. మా నాయనకు ఆ మాట చేరి, అంగడి నుంచి కబురు పంపినాడు: గిరాకీ అడిగింది చూపించనివాడు శెట్టి కొడుకే కాడని. నేను తిరుగు కబురు పంపినాను: గిరాకీ అడిగింది తూకం కాదు, మనిషి చెయ్యి అని. మా నాయన ఈసారి ఇంకొక బిళ్ళల సీసా పంపినాడు.

ఆ తరువాత కొన్ని నెలలు బస్సు నాజిల్ ఒక్కటి నా గడప తొక్కలేదు. బావి ఇంజన్లు, వేరుశనగ మిల్లు ఇంజన్లు చేసి బతికినాం. పల్లెల్లో రైతుకు మేస్త్రీ చెయ్యి చూసే అలవాటు లేదు, నీళ్ళు పడితే చాలు. నేను తప్పు చేశానా అని అడుగుతారేమో. ఒక్కరోజు కూడా అనుకోలేదని చెబితే అబద్ధం. కానీ అనుకున్న ప్రతిసారీ ఆస్పత్రి మెట్ల మీద సాబ్ నా భుజం తట్టిన బరువు తెలిసేది. దానికంటే ఆకలి తేలిక.

చేతులు

ఒక ఆదివారం ఓబులేసు ఒక్కడే వచ్చినాడు. తువ్వాలులో చుట్టి రెండు నాజిళ్ళు. కుడి అరచేతిలో నూనె గుడ్డ కట్టు.

"ఏమైంది?" అని చెయ్యి గుంజుకుని చూశాను.

"అది కాలిందిలే, సైలెన్సర్ తగిలి. అదేం కాదు" అన్నాడు. తరువాత నెమ్మదిగా, "పక్క వీధిలో మేస్త్రీ ఇప్పుడు తన చెయ్యి పెట్టడంలా. మమ్మల్ని పెట్టమంటాడు. పోయిన వారం మా ఇంకొక డ్రైవరు చేతికి చుక్క పడింది. నువ్వు ఆ పొద్దు పిడి మీద కూర్చున్నావు కదా, అంతగా భయపడింది ఇందుకేనని గుర్తొచ్చి వాణ్ణి అప్పుడే ఆస్పత్రికి ఎత్తుకుపోయినా. కోసినారు. వేలు నిలబడింది" అన్నాడు.

నేను వాని చేతిలోని తువ్వాలు అందుకున్నాను.

"ఈ రెండూ సీసాలో చూడు. రెడ్డికి చెప్పొద్దు" అన్నాడు.

చూశాను. తరువాతి వారం ఇంకొకడు వచ్చినాడు. ఆ తరువాత ఇద్దరు. రెడ్డిగారి బస్సుల డ్రైవర్లంతా సెలవు పూట టిఫిను డబ్బాల్లో, తువ్వాళ్ళలో నాజిళ్ళు తెచ్చి నాతో చేయించుకుని బండికి బిగించుకునేవాళ్ళు. యజమాని బండిని యజమానికి తెలియకుండా బాగు చేసుకునే పనివాళ్ళను నేను అప్పుడే చూశాను. వాళ్ళు కాపాడుకున్నది బండ్లను కాదు. బండి పొగ కక్కకపోతే ఎవరూ వాళ్ళను పక్క వీధికి తోలుకుపోయి చెయ్యి పెట్టమనరు. అంతే లెక్క.

బండ్లు పొగ లేకుండా తిరుగుతుంటే రెడ్డిగారికి తెలియకుండా ఉంటుందా? ఒక ఆదివారం నలుగురు డ్రైవర్లు నా వెనక గదిలో ఉండగా ఆయన నేరుగా గడప దగ్గరికి వచ్చి నిలబడ్డారు. ఎవరూ కదలలేదు. నాజిల్ సీసాకు బిగించి ఉంది.

"ఓ, ఇదా జరుగుతాండేది!" అన్నారు. సీసా వైపు చూసి, నా వైపు చూసి, పాత అలవాటు ప్రకారం, "ఓబులేసూ, చెయ్యి పెట్టు" అన్నారు.

ఓబులేసు ఆ బక్క భుజాలు నిటారుగా పెట్టి, రెండు చేతులూ వెనక్కి కట్టుకున్నాడు. "పెట్టనయ్యా" అన్నాడు. అంత చిన్న గొంతుతో అంత పెద్ద మాట నేను వినలేదు. పక్కనున్న ముగ్గురూ ఒకరి తరువాత ఒకరు చేతులు వెనక్కి కట్టుకున్నారు.

రెడ్డిగారు ఆ నలుగురినీ చూశారు. ఆయన బస్సులను ఘాటెక్కించే చేతులు ఎనిమిదీ ఆయనకు కనపడటం లేదు. చెప్పులు గడప బయట విడిచి లోపలికి వచ్చారు. బల్లకు దూరంగా ఆగి, తన ఉంగరాల చేతులు రెండూ పంచె మడతల్లోకి దోపుకుని, "కొట్టు శెట్టీ, చూస్తా" అన్నారు.

నేను పిడి కొట్టినాను.